మొండిది జబ్బా, ఆమెనా? – కంటి లేజర్ చికిత్సా, పాన్‌గల్ స్త్రీలూ

షుగరు వల్ల కంటి లోపలి రక్తనాళాలు చెడిపోయి, మందులకూ సూదులకూ లొంగకపోతే డాక్టర్లు దాన్ని మొండి జబ్బు అంటారు. లేజర్ చికిత్స మొదలుపెట్టి మధ్యలో మానేసిన మనిషిని కూడా దాదాపు అదే మాటతో పిలుస్తారు. కేసు కాగితం మీద ‘డిఫాల్టర్’ అని రాస్తారు. బ్యాంకు అప్పు కట్టనివాళ్ళకు వాడే మాట అది. వనపర్తి జిల్లా పాన్‌గల్ మండలంలోని కొన్ని ఊళ్ళలో షుగరు ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడుతూ వచ్చిన ఈ కాలంలో ఈ రెండు మాటలూ నాకు పదే పదే ఎదురయ్యాయి. జబ్బు మొండిదా కాదా అన్నది వైద్యశాస్త్రం తేల్చాలి. మనిషి మొండిదని తేల్చే అధికారం మాత్రం దానికి లేదు. ఆమె ఎందుకు తిరిగి రాలేదో తెలుసుకోవాలంటే ఆమె ఇల్లూ, కూలీ, బస్సు టైమూ, కోడలి కాన్పూ అన్నీ లెక్కలోకి రావాలి.

ముందు జబ్బు సంగతి చెప్పుకుందాం. ఈ పత్రిక చదివే కార్యకర్తల్లో చాలామందికి గర్భసంచి గురించి తెలిసినంత కంటి గురించి తెలియదు. కన్ను వెనక గోడకు లోపలివైపు ఒక పలుచని పొర ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. ఊళ్ళో ‘కంటి నరం’ అనేది దీన్నే. దానికి రక్తం అందించే నాళాలు వెంట్రుకకన్నా సన్నవి. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడతాయి. కొన్ని కారుతాయి, కొన్ని మూసుకుపోతాయి. కారితే చూపుకు ముఖ్యమైన నడిమి భాగం వాస్తుంది. మూసుకుపోతే రెటీనాకు ఆక్సిజన్ చాలక, కొత్త నాళాలు పుట్టించే రసాయనం విడుదలవుతుంది. అలా పుట్టిన నాళాలు పిచ్చిమొక్కల్లాంటివి. ఊరికే చిట్లి కంటి నిండా రక్తం నిండుతుంది, మచ్చకట్టి రెటీనాను గోడనుంచి లాగేస్తాయి. ఇదంతా జరుగుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు, చూపు కూడా తగ్గదు. తగ్గేనాటికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. బీపీ తోడైతే మరీ వేగంగా జరుగుతుంది.

లేజర్ చేసే పని విచిత్రమైనది. రెటీనా అంచుల్లో వందల చోట్ల, మొత్తం మీద వెయ్యి పైచిలుకు చుక్కలుగా, వెలుగుతో కాలుస్తారు. అంచులను కొంత వదులుకుంటే ఆ మేరకు ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, రసాయనం తగ్గుతుంది, పిచ్చినాళాలు వాడిపోతాయి. నడిమి చూపు కోసం అంచుల చూపును కొంత బలిపెట్టడం అన్నమాట. వెలుగుతో కంటిలో కాల్చవచ్చన్న ఆలోచన జర్మనీలో మేయర్-ష్విక్కెరాత్ అనే డాక్టరుకు 1945 గ్రహణాన్ని ఉత్తకళ్ళతో చూసి రెటీనా కాల్చుకున్నవాళ్ళను పరీక్షించినప్పుడు వచ్చింది. (గ్రహణం పేరుతో కడుపుతో ఉన్న ఆడదాన్ని చీకటి గదిలో పెట్టే మన ఊళ్ళలో ఈ కథ చెబితే నవ్వుకున్నారు.) 1960లో లేజర్ పుట్టింది, ఆ దశాబ్దం చివరికి ఆర్గాన్ లేజర్ కంటి వైద్యంలోకి వచ్చింది. అమెరికా ప్రభుత్వ కంటి సంస్థ జరిపించిన పెద్ద పరిశోధన ఫలితాలు 1976లో వెలువడ్డాయి. లేజర్ చేసిన కళ్ళలో చూపు తీవ్రంగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గిందని తేలింది. నడిమి భాగం వాపు విషయంలోనూ నష్టం సుమారు సగానికి తగ్గుతుందని 1985లో మరో పరిశోధన చూపింది.

అంటే ఈ వైద్యం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఖరీదైన కొత్త వింత కాదు. మన ఆడవాళ్ళకు అందకపోవడానికి ‘ఇంకా రాలేదు’ అన్న సాకు చెల్లదు.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. 2005 తర్వాత కంటిలోకి వేసే సూదిమందులు వచ్చాయి. నాళాలు పుట్టించే ఆ రసాయనాన్నే ఇవి అడ్డుకుంటాయి. నడిమి భాగం వాపుకు ఇవి లేజర్‌కన్నా బాగా పనిచేస్తాయి, అందులో నాకేమీ పేచీ లేదు. సూదులు వేసినా తగ్గని మొండి వాపుకు లేజర్ తోడు చేస్తున్నారు. పిచ్చినాళాల జబ్బులో కూడా సూదులు లేజర్‌కు తీసిపోవని 2015లో అమెరికాలో ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి లేజర్ పాతబడిందనీ, అంచుల చూపు కాపాడే సూదే మేలనీ పట్నంలో వినిపిస్తోంది. అయితే ఆ పరిశోధనలో రోగులు దాదాపు నెలనెలా వచ్చి చూపించుకున్నవాళ్ళు. రాలేకపోతే ఏమవుతుంది? ఫిలడెల్ఫియాలో, ఆరు నెలలకు పైగా ఆస్పత్రికి రాకుండా పోయి మళ్ళీ వచ్చినవాళ్ళను లెక్కతీసి 2019లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే. సూదులు మాత్రమే వేయించుకున్నవాళ్ళ కళ్ళు, లేజర్ చేయించుకున్నవాళ్ళ కళ్ళకన్నా బాగా దెబ్బతిన్నాయి, రెటీనా ఊడిపోవడం వాళ్ళలో ఎక్కువగా జరిగింది. సూది ప్రభావం వారాల్లో పోతుంది. లేజర్ చేసిన పని నిలబడుతుంది.

ఫిలడెల్ఫియాలోనే తిరిగి రాలేనివాళ్ళు అంతమంది ఉంటే పాన్‌గల్ సంగతి ఏమిటి? నా వాదన ఇక్కడే ఉంది. ఎవరు నెలనెలా రాలేరో వాళ్ళకే లేజర్ ఎక్కువ అవసరం. కానీ ఆ రాలేనివాళ్ళకే లేజర్ అన్నిటికన్నా దూరంలో ఉంది.

పాన్‌గల్ అనగానే చరిత్ర చదివినవాళ్ళకు కొండమీది కోట గుర్తొస్తుంది, బహమనీలూ విజయనగరం వాళ్ళూ దానికోసం కొట్టుకున్న సంగతి గుర్తొస్తుంది. మనకు మాత్రం పాలమూరు వలసలు గుర్తు రావాలి. నాతో మాట్లాడినవాళ్ళలో సగం వయసు బొంబాయి, పూనా, హైదరాబాదుల్లో ఇళ్ళు కట్టే పనుల్లో గడిపినవాళ్ళున్నారు. ఇప్పుడు ఊళ్ళో ఉండి, కొడుకూ కోడలూ వలసపోతే మనవళ్ళను చూసుకుంటున్నారు. పల్లికాయ తెంపే కూలికి పోతున్నారు. లేజర్ చేయించుకున్న ప్రతి ఒక్కరూ హైదరాబాదుకో మహబూబ్‌నగర్‌కో కర్నూలుకో పోయి చేయించుకున్నవాళ్ళే. హైదరాబాదు అంటే సుమారు నూట యాభై కిలోమీటర్లు.

ఒక కన్ను లేజర్ అంటే ఒక ప్రయాణం కాదు. మొదట కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తారు. ఆ చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరిది మసక, వెలుతురు భరించలేరు. ఒంటరిగా బస్సెక్కి రాలేరు. తర్వాత లేజర్ రెండు మూడు విడతల్లో చేస్తారు, విడతకూ విడతకూ మధ్య వారం పది రోజులు. రెండో కంటికి మళ్ళీ అదే. ఆ తర్వాత తనిఖీలు. ఒక్కో ప్రయాణానికి ఇద్దరి కూలి పోతుంది. తోడు ఎవరు వస్తారన్నది ఇంట్లో పెద్ద చర్చ. మగవాడి కన్నైతే ఆ చర్చ ఉండదు, భార్య మూట సర్దుకుని బయలుదేరుతుంది.

ఒకామె నాతో అన్నది: “మా ఆయనకు షుగరొస్తే ఇల్లంత చప్పటి కూడు తిన్నం మేడం. నాకొచ్చిందని మా ఇంట్ల సగం మందికి తెల్వది.” ఇంకో ఊళ్ళో ఇంకొకామె మొదటి విడత లేజర్ చేయించుకుని మానేసింది. ఎందుకని అడిగితే, “లైటు కొట్టిన్రు, సూపు పెరగలే, ఏం ఫాయిదా?” అన్నది. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. లేజర్ పోయిన చూపును తేదు, ఉన్న చూపును నిలబెడుతుంది. ఈ ఒక్క వాక్యం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మోతిబిందు ఆపరేషన్ అయిన పక్కింటామెకు కట్టు విప్పగానే లోకం కనబడింది. అదే జరుగుతుందని ఈమె అనుకున్నది. కన్నుకు వైద్యం అంటే చూపు పెరగడమే అని అనుభవం నేర్పినప్పుడు, పెరగని వైద్యానికి రెండు వందల మనవళ్ళ పనులు ఆపుకుని ఎందుకు పోతుంది? ఇందులో మొండితనం ఎక్కడుంది? తనకు తెలిసినంతలో ఆమె వేసిన లెక్క సరైన లెక్కే. తెలియాల్సింది తెలియనివ్వనిది ఎవరు?

ఒక అపోహ తొలగించుకోవాలి. ఈ జబ్బు ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుందని నేను అనడం లేదు. మన దేశంలో జరిగిన కొన్ని పెద్ద సర్వేల్లో షుగరు ఉన్న మగవాళ్ళలోనే ఇది కొంచెం ఎక్కువ కనిపించింది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లమంది అని అంచనా కట్టింది. షుగరు ఉన్న నలభై దాటినవాళ్ళలో నూటికి 12 మందికి పైగా రెటీనా జబ్బు ఉన్నదనీ, నూటికి 4గురికి అది చూపు తీసే దశలో ఉన్నదనీ 2022లో వచ్చిన మరో దేశవ్యాప్త అధ్యయనం చెప్పింది. ఇందులో ఆడా మగా అందరూ ఉన్నారు. గుడ్డితనం లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముఖచిత్రం మారిపోతుంది. 2020లో ప్రపంచంలో పూర్తిగా చూపు పోయినవాళ్ళు 4.3 కోట్లమంది అని అంచనా, అందులో 55 శాతం స్త్రీలు. స్త్రీలు ఎక్కువకాలం బతకడం దీనికి ఒక కారణమే, కానీ అదొక్కటే కాదు.

ఇది పాలమూరుకు కొత్త విషయం కూడా కాదు. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన కంటి జబ్బుల సర్వేకు హైదరాబాదు నగరంతోపాటు ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించి, పేదరికం, పల్లె నివాసం, ముసలితనంతోపాటు ఆడదై పుట్టడం కూడా గుడ్డితనానికి ముడిపడి ఉన్నదని 2001లో ప్రకటించారు. మన జిల్లా ఆడవాళ్ళ కళ్ళే ఆ విషయం ప్రపంచానికి చెప్పాయి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఊళ్ళ పక్కనే ఉన్న ఊళ్ళలో రెటీనా అన్న మాట విననివాళ్ళు దొరుకుతున్నారు.

ఎందుకిలా? మన కంటి కార్యక్రమాలన్నీ లెక్కపెట్టడానికి వీలైన వాటి చుట్టూ తిరిగాయి. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ప్రధానంగా మోతిబిందు కార్యక్రమమే. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో మోతిబిందు పథకం నడిచినప్పుడు ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇన్ని ఆపరేషన్లు అని టార్గెట్లు. కుటుంబ నియంత్రణ క్యాంపుల టార్గెట్లు చూసిన మనకు ఆ వాసన తెలుసు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో కంటి వెలుగు మొదలైంది. మొదటి విడతలో 1.54 కోట్లమందిని చూశామన్నారు. 2023 జనవరిలో రెండో విడత నడిచింది. ఊళ్ళోకి వచ్చి కళ్ళు చూడటం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయను. దగ్గరిచూపు అద్దాలతో బియ్యంలో రాళ్ళు ఏరుకోగలిగినవాళ్ళు, పిల్లల పుస్తకం చదివి పెట్టగలిగినవాళ్ళు నాకు తెలుసు. కానీ శిబిరం చేతికిచ్చేది అద్దాలు. అద్దాలు తీసుకున్న మనిషి కళ్ళు చూపించుకున్నట్టే లెక్క, ఆమె లెక్కలో కూడా అంతే. షుగరు ఉన్నదా అని అడిగి, చుక్కలు వేసి లోపలి పొర చూసి, పైకి పంపి, పంపినామె చేరిందో లేదో వాకబు చేసే పని ఫొటోలో పడదు. ఆరు నెలల్లో మూడుసార్లు పిలిచి, రాకపోతే ఇంటికి వెళ్ళి అడగాల్సిన పనికి క్యాంపు సరిపోదు.

ఇక అంగీకారం సంగతి. ఈ విషయంలో మన ఉద్యమానికి ఒక చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూది ప్రయోగం జరుగుతోందని తెలిసి హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళారు. తమ మీద జరుగుతున్నది ప్రయోగమని ఆడవాళ్ళకు తెలియదు. మరుసటి ఏడు మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళారు. లేజర్‌ను నెట్-ఎన్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు, ఒకటి వద్దన్నాం, ఇంకొకటి కావాలంటున్నాం. కానీ చెప్పి చేయాలన్న నియమం రెండింటికీ ఒకటే. లేజర్ వల్ల అంచుల చూపు కొంత తగ్గవచ్చు. చీకట్లో కనబడటం తగ్గవచ్చు. కొందరికి కొన్నాళ్ళు నడిమి భాగం వాచి చూపు మసకేస్తుంది. చేసేటప్పుడు కొందరికి నొప్పి ఉంటుంది. కన్ను పోకుండా ఉండటానికి ఇది చాలా చిన్న ఖరీదే. అయినా ఆ ఖరీదు కట్టేది ఆమె గనక ఆమెకు ముందే తెలియాలి. తెల్లవారకముందే లేచి బయటికి పోయే ఆడమనిషికి, పొలంగట్టు మీద చీకట్లో ఇంటికి నడిచే మనిషికి రాత్రిచూపు తగ్గడం అంటే ఏమిటో ఆస్పత్రి కాగితం రాసినవాళ్ళకు తట్టి ఉండదు. ఒకామె చేతిలో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రి అంగీకార పత్రం చూశాను. రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. కింద వేలిముద్ర ఆమెది, పక్కన సంతకం మరిదిది.

మనవైపు కూడా చూసుకోవాలి. స్త్రీల ఆరోగ్యం అంటే గర్భసంచి, కాన్పు, కుటుంబ నియంత్రణ, హింస. ఇవన్నీ మన మీదికి వచ్చిన యుద్ధాలు కాబట్టి వాటితోనే పోరాడాం, అది అవసరం. కానీ నలభై దాటిన ఆడమనిషి శరీరం మన ఎజెండాలోనుంచి జారిపోయింది. ప్రభుత్వమూ అంతే. కడుపుతో ఉన్నప్పుడు షుగరు పరీక్ష చేస్తారు, బిడ్డ కోసం. కాన్పు అయ్యాక ఆమెను పిలిచేవాళ్ళు ఉండరు. ఆ సమయంలో షుగరు వచ్చినవాళ్ళకు తర్వాత శాశ్వతంగా షుగరు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ముందునుంచే షుగరు ఉండి కడుపు వస్తే కంటి జబ్బు వేగంగా ముదరవచ్చు. మొదటి మూడు నెలల్లోనే రెటీనా చూడాలి. నేను అడిగిన ఆశా కార్యకర్తల్లో ఈ మాట శిక్షణలో విన్నామని చెప్పినవాళ్ళు లేరు. తప్పు వాళ్ళది కాదు.

డబ్బు లేదని ప్రభుత్వం అనలేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. షుగరు రెటీనా జబ్బుకు లేజర్ ఆ జాబితాలో ఉంది. పథకం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఊళ్ళో చాలామందికి ఆరోగ్యశ్రీ అంటే గుండె ఆపరేషన్ మాత్రమే. పోయిన కూలి ఏ కార్డులోనూ లేదు. జిల్లాలు విడిపోయి పాన్‌గల్ 2016లో వనపర్తి జిల్లాలోకి వచ్చింది, 2022లో వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. జిల్లా కేంద్రంలో వారానికి ఒక నిర్ణీత రోజు రెటీనా డాక్టరూ లేజర్ యంత్రమూ ఉండాలని, మండలంలో షుగరు మందులిచ్చే రోజే రెటీనా ఫొటో తీసే కెమెరా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఫొటో తీయడానికి డాక్టరే అక్కర్లేదు, శిక్షణ పొందిన మనిషి చాలు. చూసి చెప్పే డాక్టరు హైదరాబాదులో ఉన్నా ఫర్వాలేదు.

ఈలోగా సంఘాలు చేయగలిగింది ఒకటి కనబడుతోంది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. దీనిమీద ఎన్ని జోకులు వేశారో మనకు తెలుసు. తోడు వచ్చేది మగవాడైతే అతనికి టికెట్ పడుతుంది, ఆడమనిషైతే పడదు. కంట్లో చుక్కలు వేయించుకున్న మనిషిని చెయ్యి పట్టుకుని బస్సెక్కించడానికి కొడుకే రావాలని ఏమీ లేదు. ఒక ఊళ్ళో పొదుపు సంఘం వాళ్ళు నోటు పుస్తకంలో పేరు, విడత తారీఖు, తోడెవరు అని గడులు గీసుకుని వంతులు వేసుకున్నారు. తోడు పోయినామె కూలి సంగతి ఇంకా తేలలేదు. సంఘం డబ్బులోంచి ఇవ్వాలా వద్దా అని తగాదా నడుస్తోంది. నా అభిప్రాయంలో అది మండల సమాఖ్య భరించాలి, సమాఖ్య దాన్ని ప్రభుత్వం దగ్గర అడగాలి.

అడగడానికి లెక్క కావాలి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. పాన్‌గల్ మండలంలో షుగరు మందులు తీసుకుంటున్న ఆడవాళ్ళు ఎందరు, మగవాళ్ళు ఎందరు. గత మూడేళ్ళలో వాళ్ళలో చుక్కలు వేసిగానీ కెమెరాతోగానీ రెటీనా చూసింది ఎందరికి. లేజర్‌కు పంపింది ఎందరిని. ఆరోగ్యశ్రీ కింద లేజర్ మొదటి విడత అయినవాళ్ళు ఎందరు, చివరి విడత దాకా అయినవాళ్ళు ఎందరు, ఆడా మగా విడివిడిగా. ఆరోగ్యశ్రీ ప్రశ్న ఆ ట్రస్టుకు వేరుగా పంపాలి. జవాబు ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ‘ఆ వివరాలు మా వద్ద లేవు’ అని వస్తే ఆ కాగితం కూడా దాచిపెట్టండి, జిల్లా కలెక్టరు దగ్గరికి పోయేటప్పుడు పనికొస్తుంది.